సాక్షి గుడ్డు

ఆ వారం గ్లికేరియా వంటింట్లో వంట తప్ప అన్నీ జరిగాయి. కిటికీ గట్టు మీద గ్లాసులు, గ్లాసుల్లో గుడ్లు, పొయ్యి పక్కన ఉల్లిపొట్టు ఉడికిన గిన్నె, బల్ల నిండా మైనం మరకలు. గరిటె పెట్టుకుందామన్నా చోటు లేదు. మనవరాలు స్మరాండా ఈస్టర్ సెలవులకని సుచావా పట్నం నుంచి వచ్చింది. వచ్చి, సంచీ అయినా కింద పెట్టకుండా అడిగిన మొదటి మాట, "అమ్మమ్మా, గుడ్లు ఎన్నున్నాయి?"

ఉన్నాయి, లేకేం. ఉపవాసాలు మనుషులకు గానీ కోళ్లకు కాదు. ఏడు వారాలు ఎవరూ గుడ్డు ముట్టకపోయేసరికి ఆ వీధిలో ప్రతి ఇంట్లోనూ బుట్టలు పొంగిపోతున్నాయి. "నీకు కావలసినన్ని తీసుకో, పగలగొట్టకుండా ఉంటే చాలు" అంది గ్లికేరియా. ఆ మాట అన్నందుకు వారమంతా తన నోటిని తనే తిట్టుకుంది.

తొమ్మిదేళ్ల పిల్ల అది. వాళ్ల టీచరమ్మ సెలవులకు ముందు ఏం చెప్పి పంపిందోగానీ, ఉప్పునీళ్లలో గుడ్డు తేలించడం, పాల మీద రంగు చుక్కలు పరిగెత్తించడం, వంటసోడా నురగ పొంగించడం, ఒకటి కాదు. నురగ పొంగించిన రోజున గ్లికేరియా రొట్టెలకని దాచుకున్న సోడా పొట్లం ఖాళీ అయిపోయింది.

"ఓసి నీ దుంపతెగ! ఇప్పుడు నేను రొట్టెల్లో ఏం వేసుకోనే?"

"కొంచెం మిగిల్చాను చూడు అమ్మమ్మా."

"ఆ కొంచెంతో నీ పళ్లు తోముకో."

తిట్టిందే గానీ, గ్లికేరియాకు లోలోపల ముచ్చటగానే ఉంది. ఎందుకంటే ఆ పిల్ల చేసేది అల్లరి కాదు. ఏది చేసినా రెండుసార్లు చేసేది. ఒక గ్లాసులో గుడ్డు వేసి ఏదో కలిపితే, పక్కన ఇంకో గ్లాసులో ఇంకో గుడ్డు వేసి ఉత్త నీళ్లు పోసి ఉంచేది.

"ఈ రెండోది ఎందుకే దండగ?"

"అది సాక్షి గుడ్డు. దాన్ని మనం ఏమీ చెయ్యం. ఊరికే చూస్తూ కూర్చుంటుంది. అది లేకపోతే ఈ గుడ్డు మారింది నేను పోసినదానివల్లనో, దానంతటదేనో ఎలా తెలుస్తుంది?"

"అంటే నా వంటింట్లో కోర్టు పెట్టావన్నమాట."

"కోర్టే" అంది పిల్ల, నవ్వకుండా.

సోమవారం పొద్దున ఆ పిల్ల క్యాబేజీ ఊట కావాలని అడిగింది. శీతాకాలమంతా పీపాలో ఊరిన క్యాబేజీ అప్పటికి అడుగంటింది, కానీ ఊట మాత్రం నేలమాళిగలో పుల్లగా, నోట్లో పెట్టుకుంటే కన్ను మూతపడేలా ఉంది. దుకాణంలో కొన్న వెనిగర్ ఇస్తానంది గ్లికేరియా. పిల్ల ఒప్పుకోలేదు. వెనిగర్‌లో గుడ్డు వేసి బళ్లోనే చూశారట, ఇప్పుడు ఊటతో చూడాలట.

"పవిత్ర వారంలో ఊట మోసుకొస్తే వీధిలో ఏమనుకుంటారే?"

"ఏమనుకుంటారు?"

ఆ ఊళ్లో పసిపిల్లలకు తప్ప అందరికీ తెలుసు, పొద్దున్నే నేలమాళిగ నుంచి ఎవరింటికి ఊట గిన్నె వెళ్తే ఆ ఇంటి మగాడు రాత్రి తాగాడని. తాగిన తలనొప్పికి అక్కడ అదే మందు. గ్లికేరియా చిన్నప్పుడు, మిగతా రోజుల్లో కాదు, సరిగ్గా ఈస్టర్ ముందు వారంలోనే, దేవుడి బాధలు తలుచుకుని ఊరు ఊరంతా నోరు కట్టుకునే ఆ వారంలోనే, ఆమె తల్లి నస్తాసియా గిన్నె నిండా ఊట పట్టుకుని పెరడు దాటి వచ్చేది. గుమ్మం దగ్గర తండ్రి గవ్రిల్ రెండు చేతులతో తల పట్టుకుని, దారిన పోయేవాళ్లకు వినపడేలా "అబ్బా, నా తల! అబ్బా!" అని మూలిగేవాడు. కంచె అవతల ఆడవాళ్లు మూతులు తిప్పుకునేవాళ్లు. బళ్లో పిల్లలు గ్లికేరియాను చూసి తూలుతూ నడిచి చూపించేవాళ్లు. ఆ సిగ్గుతోనే ఆమె పెరిగింది, ఆ సిగ్గుతోనే పెళ్లి చేసుకుని వీధి చివరి ఇంటికి వెళ్లింది. తండ్రి ఎదురొస్తే తల దించుకునేదేగానీ మనసారా ఒక మాట మాట్లాడి ఎరగదు. ఆయన పోయి ఎన్నో ఏళ్లయినా, పోయినవాళ్ల కోసం చేసే పెద్దల ఈస్టర్ నాడు సమాధుల దగ్గరకు వెళ్తే, కలప మిల్లులో ఆయనతో పనిచేసిన ఇలారియోన్ ముసలాయన జాలిగా వచ్చి "గవ్రిల్‌కి ఇష్టం కదా" అని సమాధి మీద ప్లమ్ పండ్ల సారా ఒంపేవాడు. ప్రతి ఏడూ ఒంపేవాడు. ప్రతి ఏడూ గ్లికేరియా నేల చూపులు చూసేది.

ఇవన్నీ పిల్లకు చెప్పే మాటలా? "ఒక్క చెంబు తీసుకో. పైన నా ఆప్రాన్ కప్పి తే, ఎవరి కంటా పడకు" అంది.

ఆ ఊట అంటే ఆమెకు పడకపోవడానికి ఇంకో కారణం కూడా ఉంది, అది ఎవరికీ చెప్పుకోలేదు. తల్లి మంచాన పడ్డ చివరి వారంలో అడిగింది ఒక్కటే. "గ్లికా, గిన్నెడు క్యాబేజీ ఊట తెచ్చిపెట్టవే." డాక్టరు ఉప్పు తగలకూడదన్నాడు. నోరు చచ్చిపోయి పులుపు కోరుతోందనుకుని, "వద్దమ్మా, డాక్టరు తిడతాడు" అంది గ్లికేరియా. మర్నాడు మళ్లీ అడిగింది. మళ్లీ వద్దంది. మూడో రోజు అడగలేదు, గోడవైపు తిరిగి పడుకుంది. ఒక గిన్నెడు ఊట. రాజ్యమేమీ అడగలేదు కదా మనిషి.

నస్తాసియా గుడ్లు రాసేది. ఆ ఊళ్లో గుడ్లకు రంగు వేయడం అనరు, రాయడం అంటారు. పుల్ల చివర వెంట్రుకంత సన్నటి రేకు గొట్టం దిగేసి, దాన్ని కరిగిన మైనంలో ముంచి గుడ్డు మీద గీతలు గీస్తారు. గీత పడ్డచోట రంగు అంటదు. గీసి పసుపులో ముంచి, మళ్లీ గీసి ఎరుపులో ముంచి, మళ్లీ గీసి చివరకు నలుపులో ముంచుతారు. అంతా అయ్యాక కొవ్వొత్తి సెగకు చూపించి మైనం తుడిచేస్తే, నల్ల నేల మీద తెలుపు, పసుపు, ఎరుపు గీతలు బయటపడతాయి. ఇది వీధిలో ప్రతి ఇల్లాలికీ తెలిసిన పనే. నస్తాసియాకు మాత్రం దీనికి మించినది ఒకటి తెలుసు. ఆమె గుడ్లకు నేల నల్లగా ఉండేది కాదు, పాలలా తెల్లగా ఉండేది, ఆ తెలుపు మీద మూడు రంగులూ, నలుపుతో సహా, మెరిసేవి. ఈస్టర్ ముందురోజు సంతలో వాటి కోసం పక్క లోయల నుంచి మనుషులు వచ్చేవాళ్లు. ఎలా చేస్తావని ఎంతమంది అడిగినా నవ్వేది. కూతురికైనా చెప్పేదే, కానీ కూతురికి అక్కర్లేదు. "కళ్లు పోగొట్టుకునే పని నాకొద్దు" అని పదిహేనేళ్లప్పుడే తేల్చి చెప్పేసింది గ్లికేరియా.

చివరి రోజుల్లో మంచం మీద కూర్చునే నస్తాసియా ఒక గుడ్డు రాసింది. లోపలిది తీసేసిన డొల్ల, పైన మైనంతో నిండిన నల్లటి గుడ్డు. "ఇది ఇంకా కాలేదే" అని దాన్ని ఉన్ని మేజోడులో చుట్టి పెట్టింది. అలాగే పోయింది. కాకపోవడమంటే తుడవడమే మిగిలిందని అందరూ అనుకున్నారు. ఆ గుడ్డు ఆ మేజోడులోనే ఏడేళ్లు ఉంది. తుడిస్తే తల్లి పని అక్కడితో అయిపోతుంది, అందుకే గ్లికేరియాకు చెయ్యి రాలేదు. కానీ ఇది ఏడో ఏడు. పోయినవాళ్లకు అక్కడ ఏడేళ్లే సంస్మరణ, ఇదే చివరిది. ఈ ఈస్టర్‌కు ఆ గుడ్డు పూర్తయి బుట్టలో గుడికి వెళ్లాలి, అక్కడి నుంచి సమాధి దగ్గరకు వెళ్లాలి. ఉన్నది ఒకే గుడ్డు. తప్పు జరిగితే దిద్దుకోవడానికి రాసినావిడ లేదు.

అందుకే పక్కింటి కసాండ్రాను రమ్మంది. నస్తాసియా తర్వాత ఆ వీధిలో అంత బాగా గుడ్లు రాసే మనిషి కసాండ్రాయే. గురువారం పొద్దున మెత్తటి గుడ్డముక్క భుజాన వేసుకుని వచ్చి, వంటిల్లు చూసి గుమ్మంలోనే ఆగిపోయింది.

"ఇదేంటి వదినా, మందుల కొట్టు పెట్టావా?"

"నేనెక్కడ పెట్టాను, అదిగో, పెట్టిన మహాతల్లి అక్కడుంది."

స్మరాండా కిటికీ దగ్గర తన గుడ్ల మధ్య నిలబడి ఉంది. నమస్కారం చెప్పిందిగానీ కళ్లు మాత్రం గ్లికేరియా మేజోడు విప్పుతున్న చేతుల మీదే ఉన్నాయి. నిన్న సాయంత్రం ఆ గుడ్డును ముట్టుకోనని ఒట్టు పెట్టి, కిటికీ వెలుగులో చాలాసేపు చూసింది. ముక్కు ఆనించినంత పని చేసింది. తర్వాత వెళ్లి తన గిన్నెల దగ్గర కూర్చుంది.

కసాండ్రా కొవ్వొత్తి వెలిగించింది. శిలువ గుర్తు వేసుకుని, గుడ్డును రెండు వేళ్లతో పట్టుకుని మంట పక్కకు తెచ్చింది.

"ఆగండి అత్తా!"

కసాండ్రా ఉలిక్కిపడి చెయ్యి వెనక్కి లాక్కుంది. గ్లికేరియా గబుక్కున గుడ్డు కింద చెయ్యి పెట్టింది. "నీ కేకలు తగలెయ్య! ఇప్పుడు అది జారి పడుంటే?"

"తుడిస్తే అంతకంటే ఘోరం అవుతుంది అమ్మమ్మా. ఒక్క నిమిషం. రెండు గుడ్లు చూపిస్తాను, తర్వాత మీ ఇష్టం."

పెద్దవాళ్ల పనిలో వేలు పెడుతున్నానని పిల్లకీ తెలుసు. అయినా వెనక్కి తగ్గలేదు. ఉల్లిపొట్టు ఎరుపులో ముంచిన రెండు గుడ్లు తెచ్చి బల్ల మీద పెట్టింది.

"దీని మీద మైనం ముందు రాసి తర్వాత రంగులో ముంచాను. దీన్ని ముందు రంగులో ముంచి తర్వాత మైనం రాశాను. ఇప్పుడు రెండూ తుడవండి అత్తా."

కసాండ్రా గ్లికేరియా వైపు చూసింది. గ్లికేరియా తల ఊపింది. మొదటిది సెగకు చూపించి తుడిస్తే తెల్ల గీతలు వచ్చాయి. రెండోది తుడిస్తే ఏమీ రాలేదు. గుడ్డంతా ఒకటే ఎరుపు.

"వస్తుందేంటే పిచ్చిదానా" అంది కసాండ్రా. "రంగు మీద రాస్తే ఏముంటుంది, మైనంతో పాటే పోతుంది."

"అదే కదా నేను చెప్పేది. ఇప్పుడు తాతమ్మ గుడ్డు చూడండి. కొన్నిచోట్ల మైనం మకిలిగా ఉంది, అది రంగుల్లో మునిగిన మైనం. కానీ ఈ పెద్ద గీతలు చూడండి, తేనె రంగులో శుభ్రంగా ఉన్నాయి. ఇవి నలుపులో మునగలేదు. నలుపు అయిపోయాక రాసినవి. తుడిస్తే ఇవి పోతాయి, రాసినట్టే ఉండదు." పిల్ల ఊపిరి పీల్చుకుంది. "మరి మంచం మీద పడుకున్న తాతమ్మ పనికిరాని గీతలు ఎందుకు రాస్తుంది?"

కసాండ్రా కొవ్వొత్తి ఆర్పేసి, గుడ్డును కిటికీ దగ్గరకు తీసుకెళ్లి, కళ్లజోడు పైకి నెట్టి, కిందికి లాగి, చూసి చూసి వచ్చింది.

"నిజమే వదినా. ఇవి నలుపు మీద రాసినవే. నలభై ఏళ్ల నుంచి రాస్తున్నాను, నాకు తట్టలేదు చూడు. ఈ పిల్ల కళ్లు కళ్లు కాదు." తర్వాత నెమ్మదిగా అంది, "చివరి రంగు మీద మైనం రాసిందంటే, ఆ నలుపును అక్కడ దాచిపెట్టుకుని మిగతా చోట తీసేయాలనుకుంది. తెల్ల నేల! ఆ తెల్ల నేల గుడ్డు ఇదేనే! కానీ దేంతో తీసేదో ఆ తల్లి చెప్పకుండానే పోయిందే. నేను బట్టల బ్లీచింగ్ కూడా వేసి చూశాను, గుడ్డు పాడైందిగానీ..."

"నేను చూపిస్తా" అంది స్మరాండా. కిటికీ గట్టు మీది నుంచి ఇంకో రెండు గుడ్లు తెచ్చింది. రెండూ ఎరుపువే, రెండింటి మీదా మైనం గీతలు. "ఇది సాక్షి గుడ్డు, రాత్రంతా నీళ్లలో ఉంది, రంగు అలాగే ఉంది. ఇది రాత్రంతా దాంట్లో ఉంది. బయటకు తీసి ఉన్నిగుడ్డతో రుద్దాను."

రెండో గుడ్డు తెల్లగా ఉంది. మైనం ఉన్నచోట మాత్రమే ఎరుపు మిగిలింది. పులుపు తగిలితే గుడ్డు పెంకు పైపొర కొద్దికొద్దిగా కరుగుతుందట, కరుగుతూ రంగును కూడా పట్టుకుపోతుందట. మైనం కింద పెంకు మాత్రం భద్రంగా ఉంటుందట.

"దాంట్లో అంటే దేంట్లోనే?" అంది కసాండ్రా.

"క్యాబేజీ ఊట."

గ్లికేరియా స్టూలు మీద కూలబడింది. పెరడు దాటి వస్తున్న తల్లి, చేతిలో గిన్నె. సరిగ్గా గుడ్లు రాసే వారంలోనే. ఏడాదికోసారి, ఆ వారంలోనే. ఇంట్లో ఎప్పుడైనా సారా సీసా చూసిందా తను? లేదు. దాచి తాగుతాడనుకుంది. తండ్రి నోటి దగ్గర వాసనైనా వచ్చిందా ఏనాడైనా? రంపపు పొట్టు వాసన తప్ప ఇంకేమీ ఎరగదు. కంచె అవతల ఆడవాళ్లు గిన్నె చూసి ఆరా తీయకుండా, భార్య గుట్టు బయటపడకుండా, ఆ మనిషి గుమ్మంలో నిలబడి తల పట్టుకుని మూలిగాడు. ఊరంతా తాగుబోతు అంటుంటే అనిపించుకున్నాడు. కన్నకూతురు తల తిప్పుకుని వెళ్తుంటే కూడా నోరు విప్పలేదు.

"నాన్నా" అంది గ్లికేరియా. ఏడుపూ నవ్వూ కలిసి వచ్చేశాయి. "ఎంత పని చేశావు నాన్నా! ఎంత పని చేశావు!"

పిల్ల బెదిరిపోయింది. "అమ్మమ్మా, నేనేమైనా తప్పు చేశానా?"

"తప్పా? ఇలా రావే బంగారుతల్లీ!" దగ్గరకు లాక్కుని, ఉల్లిపొట్టు వాసన వేస్తున్న ఆ వేళ్లను ఒక్కొక్కటీ ముద్దు పెట్టుకుంది. "నేనే చేశాను. మా అమ్మ ఊట అడిగింది తాగడానికి కాదే. ఈ గుడ్డు కోసం. రెండుసార్లు అడిగింది. నేను తెచ్చివ్వలేదు."

లేచి, అటక మీది నుంచి తల్లి వాడిన మట్టిగిన్నె తీసింది. స్మరాండా ఆప్రాన్ అందించబోతే వద్దంది. పెరడు దాటి నేలమాళిగలోకి దిగింది. గిన్నె నిండా ఊట ముంచుకుని, ఏదీ కప్పకుండా, వీధివైపు ముఖం పెట్టుకుని, నింపాదిగా నడిచి వచ్చింది. చూసేవాళ్లు చూశారు. చూడనీ. గిన్నె బల్ల మీద పెట్టి, "తెచ్చానమ్మా" అంది.

గుడ్డు ఉత్త డొల్ల కాబట్టి ఊటలో వదిలితే తేలిపోయింది. "చేత్తో పట్టుకుని మునిగి ఉండేలా తిప్పుతూ ఉండాలి, గట్టిగా నొక్కకు, పెంకు పలచబడుతుంది" అంది స్మరాండా. ఆ పని కసాండ్రా చేస్తానంది. గ్లికేరియా ఇవ్వలేదు. గుడ్లు రాయడం నాకొద్దన్న చేతులు ఆ రోజు ఆ గుడ్డును పట్టుకున్నాయి. వేళ్ల సందుల్లోంచి సన్నటి బుడగలు పైకి వచ్చాయి. పిల్ల పక్కనే నిలబడి, ఇక రుద్దు, ఇక ఆపు, మళ్లీ ముంచు అని చెబుతుంటే, యాభై ఏళ్ల కిందట తల్లి దగ్గర నేర్చుకోని పాఠం మనవరాలి దగ్గర నేర్చుకుంది. నలుపు మబ్బులా విడిపోయి ఊటలో కలిసింది. మధ్యాహ్నం గంట కొట్టేసరికి గుడ్డు తెల్లబడింది. అప్పుడు కసాండ్రా కొవ్వొత్తి వెలిగించి, సెగకు చూపించి, చివరి మైనం తుడిచింది.

పాలలాంటి తెలుపు. పైనా కిందా పసుపు, ఎరుపు దేవదారు కొమ్మలు. నడుమ చుట్టూ, నల్లగా, బలంగా, గొర్రెలకాపరి చేతికర్ర, ఒకదాని పక్కన ఒకటి. గవ్రిల్ మిల్లులో చేరకముందు కొండ మీద గొర్రెలు కాసేవాడు. తేనె రంగు మైనం కింద దాగిన గీతలు అవే. తుడిచేసి ఉంటే ఆ కర్రలు ఎవరికీ కనపడకుండా పోయేవి.

"ఎంత మనిషివి నస్తాసియా" అంది కసాండ్రా, కళ్లు తుడుచుకుంటూ. తర్వాత స్మరాండా తల మీద చెయ్యి వేసి, "నువ్వు కూడా తక్కువదానివేం కాదు" అంది.

ఈస్టర్ దాటిన రెండో సోమవారం, పెద్దల ఈస్టర్ నాడు, ఊరంతా సమాధుల దగ్గర ఉంది. నస్తాసియా, గవ్రిల్ పక్కపక్కనే ఉన్నారు. గ్లికేరియా ఆ గుడ్డును తల్లి వైపు పెట్టలేదు, తండ్రి శిలువ కింద పెట్టింది. స్మరాండా దాని పక్కన తన సాక్షి గుడ్డు కూడా పెట్టింది. ఎందుకని అడిగితే, "ఇదంతా చూసింది కదా" అంది.

కాసేపటికి ఇలారియోన్ ముసలాయన కర్ర పొడుచుకుంటూ వచ్చాడు. ప్రతి ఏడూ లాగే జాలిగా నవ్వి, చొక్కా జేబులోంచి చిన్న సీసా తీసి మూత తిప్పాడు. ఈసారి గ్లికేరియా నేల చూపులు చూడలేదు. చెయ్యి చాచి సీసా మూతి మూసింది.

"వద్దు బాబాయ్" అంది, చుట్టుపక్కల అందరికీ వినపడేలా. "మా నాన్న తాగడు."